తెలుగు టాక్ షో స్టేషన్ మారాల్సి వస్తే: శ్రోతలు వెంట వస్తారా, ఏ స్లాట్ తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. డాలస్ దగ్గర ఒక ఏఎం స్టేషన్‌లో గంట సమయం అద్దెకు తీసుకుని, మూడేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం 6 నుంచి 7 దాకా తెలుగులో కాలర్లతో మాట్లాడే షో నడుపుతున్నారు. ఇప్పుడు ఆ స్టేషన్ అమ్ముడుపోతోంది. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, పగటి పవరు బాగా ఉన్న ఇంకో ఏఎం స్టేషన్. అద్దె తక్కువ, ఇప్పటి సమయమే ఇస్తామంటున్నారు. రెండోది 250 వాట్ల ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్ (వేరే స్టేషన్ ప్రసారాన్ని ఎఫ్ఎంలో తిరిగి వినిపించే చిన్న ట్రాన్స్‌మిటర్) ఉన్న స్టేషన్. అద్దె ఎక్కువ, పైగా ఆదివారం మధ్యాహ్నానికి మారమంటున్నారు. శ్రోతలు మీతో వస్తారా, ఏది ఎంచుకోవాలి, ముందుగా ఏం చేయాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. శ్రోతలు వస్తారు, కానీ వాళ్లు స్టేషన్ నంబరు వెంట రారు, సమయం వెంటా ఫోన్ నంబరు వెంటా వస్తారు. ఆ రెండూ మారకుండా చూసుకుని, పాత స్టేషన్‌లోనే కనీసం నాలుగు వారాలు కొత్త చోటు గురించి చెప్పుకోగలిగితే పెద్దగా నష్టపోరు. ఇక ఎంపిక విషయం. చవక ఏఎంలో శనివారం సాయంత్రం స్లాట్‌కు మాత్రం దాని రాత్రి పవరు చూడకుండా సంతకం పెట్టకండి. ఆదివారం మధ్యాహ్నానికి మారక తప్పదనుకుంటే, ఆ మధ్యాహ్నం స్లాటే చవక ఏఎంలో ఇస్తారేమో అడగండి. మీకు చెప్పిన రెండింటికంటే అదే మెరుగు కావచ్చు.

ముందు సూర్యాస్తమయం సంగతి

ఏఎం తరంగాలు పగలు నేలను అంటిపెట్టుకుని పోతాయి. పొద్దుగూకాక పైన వాతావరణంలోని అయనోస్పియర్ పొరకు తగిలి వందల మైళ్ల దూరంలో దిగుతాయి. అవి ఒకదాన్నొకటి పాడుచేయకుండా చాలా ఏఎం స్టేషన్లు సూర్యాస్తమయానికి పవరు తగ్గించాలనీ, లేదా యాంటెనా దిశ మార్చాలనీ అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ నియమం పెట్టింది. స్లాట్ అమ్మేవాళ్లు ఎప్పుడూ పగటి అంకె చెప్తారు. అది 5 కిలోవాట్లో 10 కిలోవాట్లో కావచ్చు. అదే స్టేషన్ క్లాస్ డి (ప్రధానంగా పగటి ప్రసారానికి ఉద్దేశించిన తరగతి) అయితే రాత్రికి 250 వాట్లకు లోపే. కొన్నింటికి రాత్రి ప్రసారమే లేదు.

డాలస్‌లో డిసెంబరులో సూర్యుడు 5:20 ప్రాంతంలో అస్తమిస్తాడు, జూన్‌లో 8:35 దాటాక. అంటే నవంబరు మొదట్లో గడియారాలు వెనక్కి తిప్పిన రోజు నుంచి జనవరి చివరి దాకా మీ 6 గంటల షో పూర్తిగా రాత్రి పవరు మీద నడుస్తుంది. ఫిబ్రవరిలో షో మధ్యలో పవరు పడిపోతుంది. మార్చిలో గడియారాలు ముందుకు జరిగాక మళ్లీ పగటి పవరు. మేలో ట్రయల్ విని "ఎంత స్పష్టంగా ఉందో" అనుకుని ఏడాది ఒప్పందం రాసుకున్నవాళ్లకు నవంబరు రెండో వారంలో కాల్స్ సగానికి పడిపోవచ్చు. కారణం తెలియక టాపిక్‌లు మార్చి చూస్తారు, హోస్ట్‌ను మార్చి చూస్తారు. తప్పు వాళ్లది కాదు, సిగ్నల్‌ది.

దీన్ని సరిచూసుకోవడం తేలిక. ఎఫ్‌సీసీ ఏఎం డేటాబేసులో కాల్ లెటర్స్ (స్టేషన్ గుర్తింపు అక్షరాలు) కొడితే పగటికీ రాత్రికీ వేర్వేరు పవర్లు, యాంటెనా ప్యాటర్న్‌లు (సిగ్నల్ ఏ దిశకు ఎంత వెళ్తుందో) కనిపిస్తాయి. లైసెన్సు కాగితంలో నెలవారీగా సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు పావుగంటకు సర్దుబాటు చేసి రాసి ఉంటాయి. ఆ వేళలు స్టాండర్డ్ టైమ్‌లో ఉంటాయి, వేసవి నెలలకు ఒక గంట కలుపుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

అంకెలు చూశాక కారులో తిరిగి వినండి. మీ స్లాట్ వేళలోనే, పొద్దుగూకాక, మీ శ్రోతలు ఉండే దారుల్లో తిరగాలి. ఇర్వింగ్, కొపెల్, ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్. హైవే మీద వినిపించడం ఒక లెక్క, ఇంట్లో వినిపించడం ఇంకో లెక్క. వంటగదిలో మైక్రోవేవ్, ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు అన్నీ ఏఎంలో గరగర పుట్టిస్తాయి. మీ షోను శ్రద్ధగా వినేవాళ్లలో చాలామంది విజిటర్ వీసా మీద వచ్చి పగలంతా ఇంట్లో ఉండే అమ్మానాన్నలు. వాళ్లకు తెలుగు మాట వినపడే గంట అదొక్కటే. కాబట్టి ఒక చిన్న ట్రాన్సిస్టర్ తీసుకెళ్లి ఇద్దరు ముగ్గురి వంటగదుల్లో పెట్టి చూడండి.

కార్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఎలక్ట్రిక్ మోటార్ల నుంచి వచ్చే అలజడి వల్ల కొన్ని కంపెనీలు తమ ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం రేడియోనే తీసేశాయి. టెస్లా వాటిలో ఒకటి. ప్రతి కారులో ఏఎం ఉండి తీరాలని 2023లో అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెట్టడానికి కారణం ఇదే. ఫ్రిస్కో, ప్లేనో వైపు మన ఐటీ కుటుంబాల వాకిళ్లలో టెస్లాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. వాళ్లకు మీ షో అందాలంటే స్టేషన్ స్ట్రీమింగో, ఎఫ్ఎం ట్రాన్స్‌లేటరో తప్పనిసరి.

ట్రాన్స్‌లేటర్ అంటే ఏం కొంటున్నట్టు

250 వాట్లు ట్రాన్స్‌లేటర్‌కు గరిష్ఠ పరిమితి. ఎఫ్ఎంలో అంకె కన్నా యాంటెనా ఎత్తు ముఖ్యం. ఎత్తయిన టవరు మీది 250 వాట్లు నాలుగు ఊళ్లను కవర్ చేస్తాయి, గుడిసె ఎత్తు స్తంభం మీద అవే 250 వాట్లు ఒక ఊరి కొసకు కూడా చేరవు. ఎఫ్‌సీసీ డేటాబేసులో సిగ్నల్ ఎంతదాకా చేరుతుందో గీతలతో చూపే కాంటూర్ మ్యాప్ దొరుకుతుంది. 60 డీబీయూ (సిగ్నల్ బలం కొలత) గీతకు లోపల మీ శ్రోతల ఊళ్లు ఉన్నాయా చూడండి, ఆ గీత బయట ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

రెండు విషయాలు తప్పకుండా అడగాలి. మొదటిది, ఆ ట్రాన్స్‌లేటర్ దేన్ని రిలే చేస్తోంది? ఏఎం స్టేషన్‌నా, వేరే ఎఫ్ఎం స్టేషన్ హెచ్‌డీ2 ఛానెల్‌నా (అదే ఫ్రీక్వెన్సీలో డిజిటల్‌గా వచ్చే రెండో ఛానెల్)? ఏఎం అయితే పగటిపూట మాత్రమే నడిచే స్టేషన్‌కు కూడా ట్రాన్స్‌లేటర్ రాత్రి ప్రసారం కొనసాగించవచ్చు, అది మీకు లాభం. హెచ్‌డీ2 అయితే ఆ మూల ఎఫ్ఎం యజమాని ఒప్పందం రద్దు చేసిన రోజున ట్రాన్స్‌లేటర్ కూడా ఆగిపోతుంది. మీకు అద్దెకిచ్చినవాడే ఇంకొకరి దగ్గర అద్దెకుంటున్నాడన్నమాట. రెండోది, ట్రాన్స్‌లేటర్లు ద్వితీయ శ్రేణి సేవ. పూర్తి స్థాయి స్టేషన్‌కు అంతరాయం కలిగితే అవే సర్దుకోవాలి, లేదా ఆపేయాలి. ఆ ఫ్రీక్వెన్సీ మీద ఫిర్యాదులు నడుస్తున్నాయేమో అడిగి తెలుసుకోండి.

ఆదివారం మధ్యాహ్నం స్లాట్‌ను చవక ఏఎంలో అడగమన్నది ఇందుకే. మధ్యాహ్నం 2 గంటలకు డిసెంబరులో కూడా పగటి పవరే ఉంటుంది. ఎలాగూ సమయం మార్చాల్సి వస్తే, తక్కువ అద్దెకు ఎక్కువ విస్తీర్ణం దొరుకుతుంది. టెస్లా వాళ్లకోసం స్ట్రీమ్ ఉంటే చాలు. కానీ మీ కాలర్లు ఎక్కువమంది ఒకే రెండు ఊళ్ల నుంచి వస్తుంటే, ఆ ఊళ్లు ట్రాన్స్‌లేటర్ గీతలోపల ఉంటే, అప్పుడు ఎఫ్ఎం వైపు మొగ్గండి.

అది తేలాలంటే ఈ వారం నుంచే జిప్ కోడ్‌లు రాసుకోవడం మొదలుపెట్టండి. కాల్ అందుకునే అబ్బాయి ప్రతి కాలర్‌నూ "ఏ జిప్ కోడ్ నుంచి అండీ?" అని అడిగి, పక్కన నిమిషం కూడా రాయాలి. నాలుగు వారాల జాబితాను మ్యాప్ మీద పెడితే ఏ స్టేషన్ కావాలో మ్యాపే చెప్తుంది. ఇంత చిన్న భాషా కార్యక్రమాలకు రేటింగ్ అంకెలు దొరకవు, మీకు దొరికే కొలత ఇదొక్కటే. మారాక కూడా ఇదే జాబితా కొనసాగిస్తే ఎవరు జారిపోయారో తెలుస్తుంది.

స్టేషన్ అమ్మకం వల్ల మీ చేతిలో ఎంత సమయం ఉంది

స్టేషన్ చేతులు మారాలంటే ఎఫ్‌సీసీ అనుమతి కావాలి. లైసెన్సు బదిలీ దరఖాస్తు పెట్టాక పబ్లిక్ నోటీసు వస్తుంది, అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది, ఆ తర్వాతే అనుమతి, ఆ తర్వాత అసలు లావాదేవీ. ఇది చూసి తొందరేం లేదనుకోకండి. కొనేవాళ్లు అనుమతి రాకముందే ఎల్ఎంఏ అనే ఒప్పందం మీద ప్రసార సమయమంతా తీసుకుని తమ కార్యక్రమాలు వేసుకోవడం మామూలే. అప్పుడు మీ స్లాట్ వచ్చే నెల మొదటి తేదీకే పోవచ్చు. స్టేషన్ మేనేజర్‌ను "క్లోజింగ్ ఎప్పుడు" అని మాత్రమే అడిగితే సరిపోదు, "ఎల్ఎంఏ ఉందా, ఏ తేదీ నుంచి" అని అడగండి.

అమ్మకపు ఒప్పందం ప్రతి దరఖాస్తుతో పాటే ఎఫ్‌సీసీ సైట్‌లో పడుతుంది, ఎవరైనా చదవొచ్చు. కొనేవాళ్లు ఏయే పాత ఒప్పందాలను నెత్తిన వేసుకుంటున్నారో అందులో ఒక పట్టిక ఉంటుంది. మీ ఒప్పందం అందులో ఉంటే మిగిలిన కాలం దాకా మిమ్మల్ని కొనసాగించాలి. పట్టిక జతచేయకపోతే అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి. స్టేషన్ ఆన్‌లైన్ పబ్లిక్ ఫైల్‌లో సమయం అద్దెకిచ్చిన ఒప్పందాల ప్రతులు కూడా ఉండాలి. ధరలు చెరిపేసి ఉండొచ్చు గానీ షరతులు కనిపిస్తాయి. కొత్త స్టేషన్ వాళ్లు మీ ముందు పెట్టిన కాగితాన్ని వాళ్లు ఇతరులకు ఇచ్చినవాటితో పోల్చి చూడండి.

ఇంకో మాట. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చాక పెద్ద మార్కెట్లలో ఒకే యజమాని చేతిలో ఎనిమిది స్టేషన్ల దాకా ఉండొచ్చు. మీ స్టేషన్‌ను అమ్ముతున్నవాళ్లకు అదే ఊళ్లో ఇంకో స్టేషన్ ఉందేమో ముందు చూడండి. అదే ఇంజనీరు, అదే బిల్లింగు, అదే ఫోన్ లైన్లు. అన్ని మార్పుల్లోకీ నొప్పి తక్కువది అక్కాచెల్లెళ్ల స్టేషన్ల మధ్య మార్పే.

పెద్ద షోల నుంచి నేర్చుకోవాల్సింది

స్టేషన్ మారడం షోకు అవమానమేమీ కాదు, అమెరికా టాక్ రేడియోలో అది మామూలు జీవితం. పేరున్న రేడియో హోస్ట్ హోవార్డ్ స్టెర్న్ 1976లో న్యూయార్క్ శివారు బ్రైయర్‌క్లిఫ్ మేనర్‌లో మొదలై, హార్ట్‌ఫర్డ్, డెట్రాయిట్, వాషింగ్టన్ మీదుగా 1982లో న్యూయార్క్ 660 ఏఎం డబ్ల్యూఎన్‌బీసీకి చేరాడు. డెట్రాయిట్‌లో ఆయన పనిచేసిన రాక్ స్టేషన్ 1981 జనవరిలో ఉన్నట్టుండి కంట్రీ సంగీతానికి మారిపోయింది, ఆయన వెళ్లిపోయాడు. షోలో లోపం లేకపోయినా చోటు పోవడం అంటే ఇదే, మీకిప్పుడు జరుగుతున్నదీ ఇదే.

1985 సెప్టెంబరు 30న డబ్ల్యూఎన్‌బీసీ తీసేశాక, అదే నవంబరులో ఆయన న్యూయార్క్‌లోనే 92.3 ఎఫ్ఎంకు వెళ్లాడు. గమనించాల్సింది ఏమిటంటే, ముందు పాత అలవాటు ప్రకారమే మధ్యాహ్నం నుంచి సాయంత్రం వేళలో మొదలుపెట్టి, 1986లో ఉదయానికి మారాడు. స్టేషన్, బ్యాండ్, సమయం మూడూ ఒకేసారి మార్చలేదు. ఒకసారి ఒక్కటే మార్చండి. ఫ్రీక్వెన్సీ మారినప్పుడు వేళ నిలబెట్టండి. వేళ కూడా మార్చాల్సి వస్తే మొదటి 13 వారాలు గడిచాక మార్చండి. ఆదివారం స్లాట్ తప్ప గతి లేదంటే, పాత స్టేషన్ ఉండగానే అక్కడే ఆదివారం ఒక పునఃప్రసారం కొని నాలుగు వారాలు ఆ వేళకు అలవాటు చేయండి, తర్వాత ఫ్రీక్వెన్సీ మార్చండి.

స్టేషన్ మారినా షో కదలకుండా నిలబడిన సందర్భం డబ్ల్యూఎన్‌బీసీలో ఉదయం షో నడిపిన డాన్ ఐమస్‌ది. 1988 అక్టోబరు 7న డబ్ల్యూఎన్‌బీసీ మూతపడి, అంతదాకా 1050లో ఉన్న క్రీడల స్టేషన్ డబ్ల్యూఎఫ్ఏఎన్ ఆ 660 ఫ్రీక్వెన్సీకి వచ్చింది. ఐమస్ ఉదయం షోను మాత్రం కొత్తవాళ్లు అలాగే ఉంచుకున్నారు, ఎందుకంటే దానికి ప్రకటనదారులు ఉన్నారు. మీ స్టేషన్‌ను కొంటున్నవాళ్లు మత కార్యక్రమాల సంస్థ కాకపోతే, మీ మూడేళ్ల చెల్లింపుల చరిత్ర, స్పాన్సర్ల జాబితా తీసుకెళ్లి ఒకసారి వాళ్లనూ కలవండి. సమయానికి అద్దె కట్టే అద్దెదారును వదులుకోవడానికి అందరూ ఇష్టపడరు.

ఎంత పెద్ద పేరైనా కొత్త స్టేషన్‌ను గట్టెక్కించలేకపోవచ్చనడానికి బోస్టన్ సాక్ష్యం. 2010లో రాజకీయ టాక్ హోస్ట్ రష్ లింబా షోను డబ్ల్యూఆర్‌కేఓ స్టేషన్ నుంచి తీసి 1200 ఏఎంలో కొత్తగా పెట్టిన టాక్ స్టేషన్‌కు మార్చారు, దేశంలోకెల్లా పెద్ద షోతో దాన్ని నిలబెట్టొచ్చన్న ఆశతో. 2012కల్లా ఆ టాక్ ప్రయత్నం ముగిసింది, షో డబ్ల్యూఆర్‌కేఓకే తిరిగొచ్చింది. అదే షో న్యూయార్క్‌లో 2014 జనవరిలో 770 నుంచి 710 ఏఎంకు మారి అక్కడే నిలబడింది. రెండూ 50 కిలోవాట్ల స్టేషన్లే, షో పాత మధ్యాహ్నం వేళలోనే నడిచింది.

ఏది మీది, ఏది స్టేషన్‌ది

ఇది రాస్తున్నప్పుడు నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించే భాగం ఇదే, ఎందుకంటే మన షోలు ఎక్కువగా ఇక్కడే నష్టపోతాయి. 2004 అక్టోబరులో స్టెర్న్ తాను శాటిలైట్ రేడియోకు వెళ్తున్నానని ప్రకటించి, 2005 డిసెంబరు 16 దాకా పాత స్టేషన్‌లోనే కొనసాగాడు. ఆ మధ్యకాలంలో తమ ప్రసారాల్లోనే కొత్త కంపెనీకి ప్రచారం చేసుకున్నాడని పాత స్టేషన్ యజమాని సీబీఎస్ రేడియో 2006లో దావా వేసింది. రాజీ కుదిరి, ఆయన పాత షోల రికార్డింగులు దాదాపు 23,000 గంటల హక్కుల కోసం కొత్త కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఆయన గొంతే, ఆయన మాటలే, కానీ ఆర్కైవ్ స్టేషన్‌ది.

మీరు ఉద్యోగులు కాదు, సమయం అద్దెకు తీసుకున్నవాళ్లు, కాబట్టి మీ పరిస్థితి మెరుగు. అయినా కాగితం మీద ఉండాలి. షో పేరు, కాల్ చేసే నంబరు, డొమైన్, వాట్సాప్ జాబితా, రికార్డింగులు ఈ ఐదూ మీవేనని కొత్త ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. ఫోన్ నంబరు స్టేషన్‌ది వాడుతుంటే ఈ రోజే సొంతంగా ఒక వీఓఐపీ (ఇంటర్నెట్ మీద పనిచేసే) నంబరో టోల్‌ఫ్రీ నంబరో తీసుకోండి. పాత నంబరుతో పాటు నాలుగు వారాలు రెండూ చెప్పి, ఆపై కొత్తదొక్కటే చెప్పండి. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఒకే వ్యక్తి, అందులోనూ మానేసే అవకాశమున్న వాలంటీరు అయితే, ఇంకో ఇద్దరిని అడ్మిన్లుగా చేర్చండి. షో పేరులో స్టేషన్ ఫ్రీక్వెన్సీ అంకె ఉంటే ఇప్పుడే తీసేయండి.

ఒప్పందంలో చూడాల్సిన మిగతావి: రద్దుకు కనీసం 60 రోజుల నోటీసు, స్టేషన్ అమ్ముడుపోతే ముందుగా కట్టిన అద్దె, డిపాజిట్ వాపసు, చివరి నాలుగు వారాలు కొత్త స్టేషన్ పేరు ప్రసారంలో చెప్పుకునే హక్కు. మూడోదానికి చాలా స్టేషన్లు ఒప్పుకోవు. అప్పుడు "మా వెబ్‌సైట్ చూడండి, మా నంబరుకు మెసేజ్ పెట్టండి" అనైనా చెప్పుకోనివ్వమనండి, దీనికి సాధారణంగా కాదనరు. ఇంకో క్లాజు ఉంటుంది: స్టేషన్ మీ కార్యక్రమాన్ని ఎప్పుడైనా ఆపొచ్చు, తిరస్కరించొచ్చు అని. దాన్ని తీయించలేరు. లైసెన్సుదారు తన స్టేషన్ మీద అదుపు వదులుకోకూడదన్నది ఎఫ్‌సీసీ నియమం. మీరు అడగాల్సింది, ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం మీ గంట తీసేస్తే ఆ వారం అద్దె కట్టక్కర్లేదనీ, 72 గంటల ముందు చెప్పాలనీ.

కొత్త చోట మొదటి రోజు పాడయ్యేవి

ప్రతి స్టేషన్‌కూ క్లాక్ అని ఒకటి ఉంటుంది, అంటే గంటలో ఏ నిమిషానికి ఏం రావాలో చూపే పట్టిక. మీ పాత చోట 60 నిమిషాలూ మీవే అయితే, కొత్త చోట గంట మొదట్లో నెట్‌వర్క్ వార్తలు ఆరు నిమిషాలు ఉండొచ్చు. కాగితం మీద క్లాక్ తీసుకుని, సెకన్లతో సహా దాని ప్రకారం షో కట్టండి. ముందే రికార్డు చేసి పంపేవాళ్లు ఫైలు ఆరు సెకన్లు ఎక్కువ చేస్తే ఆటోమేషన్ తోకను కత్తిరిస్తుంది. అందులో మీ స్పాన్సర్ పేరు పోతుంది. తక్కువైతే నిశ్శబ్దం. ఇరవై ముప్ఫై సెకన్ల నిశ్శబ్దానికి సెన్సర్ మోగి బ్యాకప్ సంగీతం ఎక్కేస్తుంది.

ఫైలు 44.1 కిలోహెర్ట్జ్ వావ్‌లో ఇవ్వండి. ఎంపీ3 తప్పదంటే 192 కేబీపీఎస్‌కు తగ్గకండి. హెచ్‌డీ2 ఛానెల్ దాన్ని మళ్లీ చాలా తక్కువ బిట్‌రేటుకు కుదిస్తుంది, ముందే కుదించిన ఫైలును ఇంకోసారి కుదిస్తే స, శ, ష అన్నీ ఒకే ఇసుక చప్పుడుగా మారతాయి. ఏఎం మోనో. స్టీరియోలో ఒక ఛానెల్ ఫేజ్ తిరగబడి (తరంగం తలకిందులై) ఉంటే రెండూ కలిసినప్పుడు గొంతు మాయమవుతుంది, వెనక సంగీతం మాత్రం వినిపిస్తుంది. పంపే ముందు మోనోలో ఒకసారి వినండి. ఏఎం ఆడియో 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి మాట వెనక పాట పెట్టే అలవాటుంటే దాన్ని బాగా తగ్గించండి, లేదా మానేయండి.

ఇంటి నుంచి లైవ్ పంపుతుంటే ఐపీ కోడెక్‌కు (ఇంటర్నెట్ మీద ధ్వని పంపే పరికరానికి) వైఫై వద్దు, కేబుల్ పెట్టండి. బ్యాకప్‌గా ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచి, షో ముందురోజు ఒకసారి కేబుల్ పీకి అది నిజంగా అందుకుంటుందో లేదో చూడండి. ఇద్దరు కాలర్లు ఒకరి మాట ఒకరికి వినపడేలా మిక్స్-మైనస్ (కాలర్‌కు తన గొంతు తప్ప మిగతా ధ్వని పంపే ఏర్పాటు) సరిచూసుకోవాలి, లేకపోతే కాలర్‌కు తన గొంతే తిరిగి వినిపించి మాట ఆగిపోతుంది. బూతు మాట వస్తే తీసేయడానికి డిలే యంత్రం ఎన్ని సెకన్లదో, మీట ఎవరి చేతిలో ఉంటుందో అడగండి. తెలుగు తెలియని బోర్డు ఆపరేటర్ తెలుగు తిట్టును పట్టుకోలేడు. మీట మీ మనిషి చేతిలో ఉండాలి, లేదా మీరు ఫోన్‌లో సైగ చేసే ఏర్పాటు ఉండాలి. స్ట్రీమ్‌లో వినేవాళ్లు అర నిమిషమో ఇంకా ఎక్కువో వెనక ఉంటారు. క్విజ్ ప్రశ్న వేసి మొదటి కాలర్‌కు బహుమతి అంటే వాళ్లకు ఎప్పటికీ రాదు. ఐదో కాలర్‌కో, మెసేజ్ పంపినవాళ్లలో ఒకరికో ఇవ్వండి.

నియమాలు, క్లుప్తంగా

గంట మొదట్లో కాల్ లెటర్స్, వెంటనే లైసెన్సు ఊరి పేరు చెప్పాలి, మధ్యలో లైసెన్సుదారు పేరు, ఫ్రీక్వెన్సీ వంటివి తప్ప ఇంకే మాటా చొప్పించకూడదు. పాత స్టేషన్ ఐడీ ఉన్న జింగిల్ ఒక్కటి కూడా కొత్త చోట ప్లే కాకూడదు, ఫోల్డర్ మొత్తం వెతికి తీసేయండి. ఎవరికైనా మీరే ఫోన్ చేసి ప్రసారం చేస్తే ముందే చెప్పాలి. షోకు వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసినవాళ్లకు ఆ అవసరం లేదు.

డబ్బు తీసుకుని కూర్చోబెట్టిన అతిథి ఉంటే అది ప్రసారంలో చెప్పి తీరాలి. మన షోలలో ఇమిగ్రేషన్ లాయర్లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు అమ్మేవాళ్లు "ఎక్స్‌పర్ట్"గా వచ్చి అరగంట మాట్లాడతారు. ఆ అరగంటకు డబ్బు తీసుకున్నప్పుడు "ఈ భాగం ఫలానావారు స్పాన్సర్ చేసినది" అనకపోతే నియమం తప్పినట్టే, అంతకుమించి ఆ మాట నమ్మి పొదుపంతా పెట్టే శ్రోతకు అన్యాయం చేసినట్టు. విదేశీ ప్రభుత్వాల తరఫు కార్యక్రమాలపై ఎఫ్‌సీసీ 2021లో పెట్టిన నియమం సమయం అద్దెకు తీసుకునే అందరికీ వర్తిస్తుంది. స్టేషన్ మీ దగ్గర ధృవీకరణ తీసుకుంటుంది. ఆంధ్ర లేదా తెలంగాణ ప్రభుత్వ శాఖ ఏదైనా స్పాన్సర్ చేస్తామంటే ఒప్పుకోకముందే స్టేషన్‌కు చెప్పండి. స్కూల్ బోర్డుకో సిటీ కౌన్సిల్‌కో పోటీచేస్తున్న మన తెలుగువాళ్లను పిలిస్తే తేదీ, నిమిషాలు రాసి స్టేషన్‌కు ఇవ్వండి. పోటీలో ఉన్న మిగతావాళ్లు సమానావకాశం అడగొచ్చు.

పాటల సంగతి. స్టేషన్‌కు ఉన్న సంగీత లైసెన్సులు ప్రసారానికే. మీ పాత ఎపిసోడ్లను పాడ్‌కాస్ట్‌గానో యూట్యూబ్‌లోనో పెడితే అవి పనికిరావు. ఇప్పటినుంచే పాటలు లేని రెండో ప్రతి దాచుకోండి.

డబ్బు లెక్క

ఉదాహరణకు అద్దె గంటకు 200 డాలర్లు, మీకు 30 సెకన్ల స్పాట్లు 12 అనుకుందాం. ఒక స్పాట్ దాదాపు 17 డాలర్లకు అమ్మితే అద్దె వస్తుంది. మార్పు సమయంలో రెండు వారాలు రెండు చోట్లా ప్రసారం చేయాలి (చేయాలనే నా సలహా), అంటే ఇంకో 400. 13 వారాల మీద ఆ ఖర్చు పరిస్తే స్పాట్ ధర 19 దాటుతుంది. స్పాట్లలో మూడింట రెండొంతులే అమ్ముడైతే 29 కావాలి. కొత్త స్టేషన్‌లో మొదటి పదమూడు వారాలకు ఈ చివరి అంకె పెట్టుకునే బడ్జెట్ వేసుకోండి.

ప్రకటనదారులతో ఆర్డర్ మీద స్టేషన్ పేరు ఉంటే మార్పు రోజున ప్రతి ఒక్కరూ రద్దు చేసుకోవచ్చు. షో పేరు ఉండాలి. మార్పు సంగతి వాళ్లకు మీ నోటి నుంచే, శ్రోతలకన్నా ముందే తెలియాలి. నెలకు ఒక స్పాట్ ఉచితంగా కలిపి, సంతకాలు కొత్త కాగితం మీద తీసుకోండి.

ఇక వరుస. ఈ శనివారం నుంచి జిప్ కోడ్‌లు, సొంత నంబరు. వచ్చే వారంలో రెండు స్టేషన్ల లైసెన్సు కాగితాలు, రాత్రి పవరు, కాంటూర్ మ్యాపు. పొద్దుగూకాక ఒకసారి కారులో, ఒకసారి వంటగదిలో వినడం. ఎల్ఎంఏ తేదీ తెలిశాక దానికి ఆరు వారాల ముందు కొత్త ఒప్పందం, నాలుగు వారాల ముందు ప్రకటనలు, చివరి రెండు వారాలు రెండు చోట్లా ప్రసారం. కారు రేడియోలో కొత్త ఫ్రీక్వెన్సీని ప్రీసెట్ చేసుకోమని ప్రసారంలోనే ఒక్కో అడుగూ చెప్పించండి, పిల్లలతో అమ్మమ్మ తాతయ్యల రేడియోలకు ట్యూన్ చేయించమనండి. ఆ చవక ఏఎం కాల్ లెటర్స్, మీ జిప్ కోడ్‌ల జాబితా ఇక్కడ పెడితే రాత్రి ప్యాటర్న్ ఏ ఊరి వైపు ఉందో చూసి చెప్తాను.